వేడి ఎటు పోయింది

నాసరయ్యగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "చూద్దాంలే" అంటారు. ఆ చూడ్డం ఒక పూటలో తేలవచ్చు, ఏడాదైనా పట్టవచ్చు. పల్నాటిలో ఆయన ఆశ్రమమంటే రెండు గదుల డాబా, ముందొక అరుగు, అంతే. ఆయన గది తలుపు మాత్రం ఎండనక వాననక తీసే ఉండేది. ఎవరికి ఏ కష్టమొచ్చినా నేరుగా మంచం దాకా వెళ్లిపోవచ్చు.

శిష్యుడు ఆదిశేషుకు గురువంటే ప్రాణం. కిందటేడు రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో, ముసలాయన వడదెబ్బ తగిలి తెలివి తప్పి పడిపోతే పసివాడిలా ఏడ్చాడు. ఈ ఏడు ఎండలు మొదలవగానే మళ్లీ బెంగ పట్టుకుంది.

"అయ్యగారూ, భూమే వేడెక్కిపోతోందంటున్నారు. ఈ వేడికి మనబోటివాళ్లం చేయగలిగిందేమిటి?" అని అడిగాడు.

"చూద్దాంలే," అన్నారాయన.

ఆయన చూసేదాకా ఆగే ఓపిక ఆదిశేషుకెక్కడిది! భక్తుల కాళ్లావేళ్లా పడి ఒక ఏసీ తెచ్చి బిగించాడు. చల్లదనం పోకుండా, ఎన్నడూ లేనిది, తలుపు మూశాడు. నిజం చెప్పొద్దూ, అయ్యగారికీ హాయిగానే ఉంది. గుర్రుపెట్టి నిద్రపోయారు. లేచాక మాత్రం, "ఏరా, ఇవాళ ఎవరూ రాలేదేం?" అన్నారు.

"వచ్చారండీ. అరుగు మీద కూర్చోబెట్టాను. ఊరికే తలుపు తీస్తుంటే చల్లదనమంతా పోతుంది."

ఆయన చేతికర్ర తీసుకుని బయటికి నడిచారు. ఏసీ బయటి పెట్టె సరిగ్గా అరుగు మీదికే బిగించి ఉంది. అసలే వడగాలి, దానికి తోడు అది బుసకొడుతూ వేడి ఊదుతోంది. ఎదురుగా మస్తానమ్మ, మిరపకాయల తొడాలు తీసే పని నుంచి ఏదో కష్టం చెప్పుకుందామని వచ్చిన మనిషి, కొంగు నెత్తిన కప్పుకుని, ముఖం కందిపోయి కూర్చుని ఉంది. అయ్యగారు వెళ్లి ఆమె పక్కనే చతికిలబడ్డారు.

ఆదిశేషు గాభరాగా వెంటపడి వచ్చాడు. "అయ్యో, లోపలికి రండి! మళ్లీ మీకేమైనా అయితే నేను బతకను!"

"నా గదిలో వేడి పోయిందనుకున్నానురా," అన్నారాయన చెమట తుడుచుకుంటూ. "పోలేదు. ఇదిగో, ఇక్కడ కూర్చుంది."

ఆదిశేషు ఆ గాలిలో చెయ్యి పెట్టి చూశాడు. మస్తానమ్మను అక్కడ కూర్చోబెట్టింది తనే. సిగ్గుతో చచ్చిపోయాడు. పరుగెత్తి ఏసీ ఆపేసి, తలుపు బార్లా తెరిచి, ఇద్దరినీ లోపలికి తీసుకెళ్లి మజ్జిగ ఇచ్చాడు.

మర్నాడే, ఎండ వేడి లోపలికి దిగకుండా డాబా మీద దట్టంగా సున్నం కొట్టాడు. అరుగుకు తాటాకు పందిరి వేశాడు. కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి తడిపాడు. ఏసీని పారేస్తానంటే మాత్రం అయ్యగారు కసిరారు. "వెర్రివాడా, ప్రాణం మీదికొచ్చినవాడికి అది కావాలిరా," అని దాన్ని వెనక గదికి మార్పించి, బయటి పెట్టెను మనుషులు తిరగని బీడువైపు పెట్టించారు. ఊళ్లో ఎవరికి వడదెబ్బ తగిలినా ఆ గదిలోనే పడుకోబెట్టమన్నారు. తనకు పాత ఫ్యానే చాలన్నారు.

రోహిణి కార్తె రానే వచ్చింది. ఏసీ అంత చల్లదనం ఎక్కణ్ణుంచి వస్తుంది గానీ, అయ్యగారు నిక్షేపంగా లేచి తిరుగుతున్నారు. ఒక మధ్యాహ్నం ఆదిశేషు ఆయన పాదాలు ఒత్తుతూ మురిపెంగా అడిగాడు.

"ఇప్పుడు చల్లగా ఉందా అయ్యగారూ?"

"చల్లగానే ఉంది," అన్నారాయన కళ్లు తెరవకుండానే. "మస్తానమ్మది రేకుల ఇల్లు. సున్నం ఏమన్నా మిగిలిందా?"