దెబ్బ తగలకూడని కవచం

కొండవలసలో తెలివి ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే గవరయ్య తన ఇంటి గుమ్మం చూపించేవాడు. అడిగినవాళ్ళు ఎవరూ లేరు, అయినా చూపించేవాడు.

ఆ ఇంట్లో ముగ్గురు. గవరయ్య, ఆయన భార్య సన్నెమ్మ, తమ్ముడు పైడయ్య. చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాం, వెంట్రుకవాసి ఎక్కువ చెయ్యం, వెంట్రుకవాసి తక్కువ చెయ్యం అని ముగ్గురికీ గర్వం. వాన వస్తే బట్టలు లోపల వెయ్యమని మొగుడు ఒకసారి అన్నాడని, వాన రాని రోజుల్లో సన్నెమ్మ ఆరిన బట్టల్ని తీగ మీదే వదిలేసేది. వేసంగి అంతా గవరయ్య ఒకే పంచెతో తిరిగాడు. పంచెలన్నీ తీగ మీద వాన కోసం ఎదురుచూస్తున్నాయి.

ఆ తెలివే ఒకనాడు కొంప ముంచింది.

పై వీధిలో ఉండే దాలినాయుడు సన్నెమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పుట్టింటి వైపు ఆమెకు మిగిలింది ఆ ఒక్క మనిషే. అతను కొత్తగా జీడిమొక్కలు వేసి, రెండు రోజులు పెళ్ళికి వెళుతూ, "బావా, మా మొక్కలు కాత్త సూత్తుండు" అని చెప్పి బస్సెక్కాడు.

అంతే. అన్నదమ్ములిద్దరూ గట్టు మీద కూర్చుని మొక్కల్ని చూశారు. ఒకడు అన్నానికి వెళితే ఇంకొకడు చూశాడు. రెండో రోజు పొద్దున మేకలొచ్చాయి. వాటినీ చూశారు. మేకలు మొదటి వరుస తిన్నాయి, రెండో వరుస తిన్నాయి. ఆఖరి మొక్క దగ్గర పైడయ్యకు చిన్న అనుమానం వచ్చింది.

"అన్నియ్యా, తోలేద్దుమా?"

"సూడమన్నాడు గానీ తోలమన్నాడేటి? మనం తోలడానికెల్తే ఇక్కడ సూసేదెవుడు?"

పైడయ్య అన్న తెలివికి మురిసిపోయి మళ్ళీ చూడటం మొదలుపెట్టాడు.

దాలినాయుడు ఊరి నుంచి వచ్చి ఖాళీ గుంటల మధ్య నిలబడ్డాడు. ఏ మేక ఏ మొక్కను ఎన్ని నమలడాల్లో తిన్నదో గవరయ్య ఒక్కటీ వదలకుండా ఒప్పజెప్పాడు. ఇంకేముంది, దాలినాయుడి కళ్ళు ఎర్రబడ్డాయి.

"మా అప్ప మొగం సూసి ఇయ్యాల ఒగ్గేత్తన్నాను బావా. ఆదివారం నీ ఇంటికొత్తాను. నీ సంగతి ఆ దినమే తేలుత్తాను!"

గవరయ్య ఇంటికొచ్చి ఆ మాటను తిప్పి తిప్పి చూశాడు. చంపుతానని బావమరిది అనలేదు, కానీ చంపనని కూడా అనలేదు. సన్నెమ్మ అయితే ఆ సాయంత్రమే ఏడుపు మొదలుపెట్టింది. "తమ్ముడి సేతిలో మొగుడు పోతే నానెవుడి పక్కన కూకోని ఏడవాల? శవం పక్కన కూకుంటే పుట్టిల్లు పోద్ది, తమ్ముడి పక్కన కూకుంటే లోకం నవ్వుద్ది" అని ఆమె బాధ. అది నిజమైన బాధే.

అప్పుడు పైడయ్యకు ఒక ఉపాయం తట్టింది. టీవీలో కనబడే పెద్ద పెద్ద మనుషులు చొక్కా కింద కవచం వేసుకుంటారట. అలా వేసుకున్న వాళ్ళనెవరినీ ఇంతవరకూ ఎవరూ పొడవలేదట. కవచం లేని కోట్లాది మందిని కూడా ఎవరూ పొడవలేదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఆవునూ అమ్మేసి, ముగ్గురూ కలిసి పట్నం బస్సెక్కారు.

పట్నంలో జోగారావు అని మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చిన ఆయన దుకాణం ఉంది. కాపలావాళ్ళ కర్రలు, ఈలలు, బూట్లు, కవచాలు అమ్ముతాడు. మంచి మనిషి. బేరం కన్నా ముందు నాలుగు మంచి మాటలు చెప్పే అలవాటు ఉంది. ఆ అలవాటు ఆయనకు ఆ వారంలోనే పోయింది.

"ఎవరి నుంచయ్యా నీకు భయం?"

"మా బావమరిది నుంచి బాబూ."

"మనిషి సంగతి కాదు. తుపాకీ నుంచా, కత్తి నుంచా? తూటాను ఆపే కవచం కత్తిని ఆపుతుందని నమ్మకం లేదు. కత్తిని ఆపేది తూటాను ఆపదు. ఎదుటివాడి దగ్గర ఏముందో ముందు తెలుసుకో. ఆ తర్వాతే కొనాలి."

అంతే. ముగ్గురూ దిగ్గున లేచి మళ్ళీ బస్సెక్కి, నేరుగా దాలినాయుడి ఇంటికే వెళ్ళారు. అతను అన్నం తింటున్నాడు. అప్పటికే కోపం సగం చల్లారింది కూడా.

"బావా, ఆదివారం నన్ను దేంతో పొడుత్తావు?" అని గవరయ్య మర్యాదగా అడిగాడు. "తెలుసుకుని కొనమన్నారు."

దాలినాయుడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చల్లారిన సగం కోపం మళ్ళీ రాజుకుంది. "నా సేతికేది దొరికితే దాంతోనే! పో ఇక్కణ్ణుంచి!"

ఇంకేముంది, పైడయ్య కాగితం తీశాడు. ఇల్లంతా తిరిగి, బావమరిది చేతికి దొరికేవన్నీ రాసుకున్నాడు. రోకలి, పీట, గరిటె, కొడవలి, ఎద్దుల్ని తోలే ముల్లుకర్ర, ఆవకాయ జాడీ, పనసకాయలు కోసే కత్తి. పెరట్లో చెట్టుకు మొదట్లోనే బండలా వేలాడుతున్న పనసకాయ కనబడితే అదీ రాశాడు. గవరయ్య కాగితం లాక్కుని దాన్ని కొట్టేశాడు.

"పనసకాయ తినేది గదరా, ఎర్రోడా! ఆయుధమెలగవుద్ది?"

మర్నాడు జోగారావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "ఆవకాయ జాడీకంటూ విడిగా కవచం ఉండదయ్యా" అని నీరసంగా చెప్పి, కత్తిపోటును ఆపేది ఒకటి తీసి గవరయ్యకు తొడిగాడు. "బాగా సరిపోవాలి. బిగుతైతే ఊపిరాడదు, వదులైతే పక్కకు జారుతుంది. కూర్చోండి, వంగండి, అటూ ఇటూ నడిచి చూడండి" అన్నాడు. అని లోపలికి టీ తాగడానికి వెళ్ళాడు.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పనులు మూడు, మనుషులు ముగ్గురు. పైడయ్య కూర్చున్నాడు. సన్నెమ్మ వంగింది. గవరయ్య నడిచాడు.

జోగారావు టీ తాగి వచ్చేసరికి ఒకడు బెంచీ మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు, ఒకావిడ నేలకేసి వంగి మూలుగుతోంది, కవచం లేదు. ఆయన లబోదిబోమంటూ స్కూటరెక్కాడు. పైడయ్యను వెనక వేసుకుని, ఆ దారీ ఈ దారీ గాలించి, ఊరి బయట మూడో మైలు రాయి దగ్గర గవరయ్యను పట్టుకున్నాడు. కవచం తొడుక్కున్న గవరయ్య చెమటలు కక్కుతూ ఇంకా నడుస్తూనే ఉన్నాడు.

"ఎందాకా వెళ్తావయ్యా?"

"ఆగమని నువ్వు సెప్పలేదు గదా బాబూ."

ఆవు డబ్బు పైడయ్య జేబులో ఉంది కాబట్టి గొడవ లేకుండా తీరింది. డబ్బు తీసుకుని కూడా జోగారావు ఊరుకోలేకపోయాడు. ఎంతైనా మిలిటరీ మనిషి కదా, ప్రాణానికి సంబంధించిన విషయం చెప్పకుండా పంపలేడు.

"ఇది తొడుక్కున్నట్టు ఎవరికీ తెలియనివ్వకు. తెలిస్తే ఛాతీ వదిలేసి తల మీద కొడతారు. నీళ్ళు తగలనివ్వకు. అన్నిటికంటే ముఖ్యం ఒకటి. గట్టి దెబ్బ ఒక్కటి తగిలిందా, ఇక దాన్ని నమ్మకు. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల దెబ్బతిని ఉంటుంది. పారేసి కొత్తది కొనుక్కోవాలి. బుర్రలోకి ఎక్కిందా?"

"ఎక్కింది బాబూ" అన్నాడు గవరయ్య. ఎక్కింది. సమస్యంతా అదే. వంగిన సన్నెమ్మ సంగతి అందరూ మరిచిపోయారు. ఆమెను సాయంత్రం బస్సులో, వంగినట్టే తీసుకొచ్చారు. నడుం ఎత్తమని ఎవరూ చెప్పలేదు.

ఎవరికీ తెలియకూడదన్నాడు కదా. ఊరంటే మూడు వందల గడప. ఇంటింటికీ వెళ్ళి తెలియకుండా చెయ్యడం కష్టమని గవరయ్య ఊరి చాటింపు మనిషిని పిలిచాడు. మర్నాడు పొద్దున్నే వీధి వీధినా డప్పు మోగింది. "గవరయ్య సొక్కా కింద ఏటీ లేదహో! కవచం అసల్లేదహో! ఆదివారం దాకా ఎవరూ అనుమానపడకూడదహో!" ఊరు ఊరంతా వచ్చి గవరయ్య చొక్కా పైకెత్తి, కవచాన్ని తడిమి చూసి, ఏమీ లేదని ఒప్పుకుని, మూతులు మూసుకుని వెళ్ళింది. తన రహస్యం ఇంత గట్టిగా దాగినందుకు గవరయ్య ఎంతో సంతోషించాడు.

తర్వాత నీళ్ళ సంగతి. స్నానం మానేశాడు. కానీ చెమటా నీళ్ళే కదా అని సన్నెమ్మకు భయం పట్టుకుంది. అంతే, ఆమె ఒక పక్క, పైడయ్య ఒక పక్క నిలబడి విసనకర్రలతో విసరడం మొదలుపెట్టారు. విసిరి విసిరి వాళ్ళకు చెమటలు పట్టి ఆ చుక్కలు కవచం మీద పడ్డాయి. దాంతో వాళ్ళకు విసరడానికి వీధిలో ఇంకో ఇద్దర్ని బతిమాలి తెచ్చుకున్నారు.

ఆదివారం రానే వచ్చింది. తర్వాత సమయం దొరుకుతుందో లేదో అని సన్నెమ్మ తెల్లారకముందే కొంత ఏడ్చి పెట్టుకుంది. గవరయ్య అరుగు మీద కవచం తొడుక్కుని కూర్చున్నాడు. సన్నెమ్మను చూస్తే జాలేసింది. ఇన్నేళ్ళూ ఆమె తన మాట ఒక్కటీ జవదాటలేదు, రేపటి నుంచి ఆమెకు మాట చెప్పేవాడెవడా అని ఆయనకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. కవచం తడుస్తుందని వెంటనే తుడుచుకున్నాడు.

నిజానికి దాలినాయుడి కోపం డప్పు మోగిన రోజే పోయింది. ఆ చాటింపు విని అతను కడుపు పట్టుకుని నవ్వాడు. ఇలాంటివాడితో నాకు పగేమిటి, మొక్కలు పోతే మళ్ళీ వస్తాయి, అప్పను ఏడిపిస్తే నాకు మిగిలేదేముంది అనుకున్నాడు. పెరట్లో కాయ పండింది. అప్పకు పనసతొనలంటే ప్రాణం. కాయను భుజాన పెట్టుకుని, కొయ్యడానికి కత్తి మొలలో దోపుకుని బయలుదేరాడు.

గవరయ్యకు మలుపులోనే ఆ కత్తి కనబడింది. జాబితాలో ఆఖరుది. అంటే పోటు ఖాయం. పొడిస్తే ఎక్కడ తగులుతుంది? కవచానికి. తగిలితే ఏమవుతుంది? ఇక పనికిరాదు, కొత్తది కొనాలి. అమ్మడానికి ఇంట్లో ఇంకో ఆవు లేదు!

అంతే. గవరయ్య గబగబా కట్లు విప్పి కవచం తీసేశాడు. రెండు చేతులతో వీపు వెనక దాచి, వట్టి ఛాతీ ముందుకు చాపి నిలబడ్డాడు. "పొడువు బావా! నన్నెక్కడైనా పొడువు! దీన్ని మాత్రం ముట్టుకోకు!" అని కేక పెట్టాడు.

దాలినాయుడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. పైగా కాయ బరువుకి భుజం లాగేస్తోంది. "పొడవడమేటి బావా, ముందు దీన్నందుకో" అని కాయను ఆయన మీదికి వదిలాడు.

అందుకోవడానికి గవరయ్య చేతులు ఖాళీగా లేవు. కాయ నేరుగా వచ్చి ఛాతీకి తగిలింది. లోపల ఎక్కడో పక్కటెముక టప్పుమంది. వెనక్కి పడితే కవచం నలిగిపోతుందని, పడుతూ పడుతూ పక్కకు తిరిగి మోచెయ్యి కూడా విరగ్గొట్టుకున్నాడు.

"ఓలమ్మో, నా మొగుడో!" అంటూ సన్నెమ్మ పరిగెత్తుకొచ్చింది. "బావా, బావా" అంటూ దాలినాయుడు పక్కన కూలబడి ఏడ్చేశాడు.

గవరయ్య ఒక కన్ను తెరిచాడు. "పనసకాయ... లిస్టులో లేదు బావా" అని మూలిగి, రెండో కన్ను కూడా తెరిచాడు. "కవచం?"

పైడయ్య దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "గీత కూడా పడలేదన్నియ్యా! కొత్తది కొత్తదిలాగే ఉంది!"

"సూసినావా మరి" అన్నాడు గవరయ్య. ఆ నొప్పిలోనూ ఆయన మొహం వెలిగిపోయింది. దాలినాయుడు ఏడుస్తూనే నవ్వాడు. సన్నెమ్మ తమ్ముడి పక్కనా మొగుడి పక్కనా ఒకేసారి కూర్చోగలిగినందుకు తనివితీరా ఏడ్చింది.

కట్టు కట్టే మనిషి వచ్చి గవరయ్య ఎముకలు సరిచేసి, ఆకుపసరు వేసి కట్టు కట్టాడు. "ఇరవై ఒక్క రోజులు ఈ ఛాతీకి చిన్న దెబ్బ కూడా తగలకూడదు" అని చెప్పి వెళ్ళాడు. దాలినాయుడు మొలలోని కత్తి తీసి పనసకాయ కోసి, అందరికీ తొనలు పంచాడు.

ఇంకేముంది, ఇంటిల్లిపాదీ ఆలోచనలో పడ్డారు. ఛాతీకి దెబ్బ తగలకూడదంటే దాని మీద కవచం తొడగాలి. కవచానికి దెబ్బ తగలకూడదంటే దాని మీద ఇంకేదైనా ఉండాలి. అన్న కోసం పైడయ్య ముందుకొచ్చాడు. కవచం మీదుగా అన్నను గట్టిగా వాటేసుకున్నాడు. గవరయ్య ముందుకు నడిస్తే పైడయ్య వెనక్కి నడిచేవాడు. అలా ఇద్దరూ రెండు అడుగులు వేసి, గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"మరి పైడయ్య ఈపుకేటి అడ్డం?" అంది సన్నెమ్మ.

ముగ్గురూ ఆలోచించారు. దెబ్బ ఎక్కడి నుంచి వస్తుందో, అక్కడే ఏదైనా అడ్డం ఉండాలి. దెబ్బ కొట్టేది దాలినాయుడు. ముగ్గురూ ఒకేసారి అతని వైపు తిరిగారు.

"తమ్ముడూ," అంది సన్నెమ్మ కళ్ళు తుడుచుకుని, "నువ్వొచ్చి పైడయ్యను ఎనకనించి వాటేసుకో. ఇరవై ఒక్క దినాలే. నువ్వు సేతులొగ్గకుండా పట్టుకున్నంతసేపూ మా ఆయన్ని నువ్వు కొట్టలేవు."

దాలినాయుడు తొన నోట్లో పెట్టుకోబోయినవాడు ఆగిపోయాడు. అప్ప మొహం చూశాడు. బావ కట్టు చూశాడు. తొన పక్కన పెట్టి, లేచి వెళ్ళి పైడయ్యను వాటేసుకున్నాడు.