జానెడు లాంచీకి న్యాయమైన ధర

రండమ్మా, రండి నాయనా, దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకవాళ్ళకి వినబడకపోతే ముందువాళ్ళ నవ్వు చూసి నవ్వేయండి. నరసింహస్వామి దయవల్ల ఈ పూట మనకి మంచి కథే దొరికింది.

గోదారి గట్టున ధర్మలింగం, వాడి తమ్ముడు సోమలింగం, ధర్మలింగం పెళ్ళాం పేరంటాలు ఉండేవాళ్ళు. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని ముగ్గురికీ గట్టి నమ్మకం. అది బయటికి పోతుందేమోనని ఇంటికి కిటికీలే పెట్టించలేదు. సరదాకి చెక్కముక్కలతో బొమ్మ పడవలు చేసేవాళ్ళు. పని మాత్రం ముచ్చటగా ఉండేది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఒకనాడు సింహాద్రి సరంగు వచ్చాడు. ముప్పై ఏళ్ళు గోదారిలో లాంచీ నడిపిన ముసలాయన. ఆ లాంచీని ఈమధ్యే తుక్కు కింద అమ్మేశారు. దాని బొమ్మ జానెడంత చేసిపెడితే దేవుడి దగ్గర పెట్టుకుంటానన్నాడు. "కార్తీక పౌర్ణమికి దాని ముందు దీపం పెట్టాలి అబ్బాయ్. దాని అన్నం తిన్నాను. ఎంతివ్వమంటారు?"

ముగ్గురికీ ధర కట్టడం తెలియదు. అంతవరకు చేసినవన్నీ ఊరికే పంచిపెట్టినవే. ఎక్కువ అడిగితే పాపం, తక్కువ అడిగితే తెలివితక్కువ. సోమలింగం పరుగున వెళ్ళి కంసాలిని అడిగాడు. ఆయన ముక్కుపుడక చేస్తూ, తల ఎత్తకుండానే, వస్తువు చిన్నదయ్యేకొద్దీ పని కష్టం, ధర ఎక్కువ అన్నాడు. అంతే. జానెడు లాంచీకి ఐదువేలన్నారు. సరంగు కాస్త తగ్గించమని చెప్పి వెళ్ళిపోయాడు.

పేరంటాలు బాగా ఆలోచించింది. "చిన్నదైతే ఎక్కువ అన్నాడు కదా. అయితే పెద్దదైతే తక్కువే."

పెళ్ళాం తెలివికి ధర్మలింగం కళ్ళు చెమర్చాయి. ఇంకేముంది, మూరెడు లాంచీ మొదలెట్టి, వీధిలో సరంగు కనబడితే నాలుగువేలకి దించామన్నారు. ఇంకొంచెం చూడమన్నాడాయన. మంచం విప్పి, ఆ చెక్కతో నిలువెత్తు లాంచీ చేసి, రెండువేలన్నారు. మళ్ళీ బేరమాడాడు. తలుపులు పీకారు, ఐదొందలన్నారు. చివరికి ముసలాయన మీద జాలేసి, ఇంటి పైకప్పు వాసాలన్నీ లాగేసి, అసలు లాంచీ అంత లాంచీ చేసి, ఉచితం అని కబురంపారు. సోమలింగం ఇంకో చెక్క తేబోతే అన్న ఆపేశాడు.

"ఇంకో గజం పెంచావంటే మనమే ఆయనకి ఎదురివ్వాలిరా."

పౌర్ణమి పొద్దున లాంచీ బయటికి తీద్దామంటే గుమ్మంలో పట్టలేదు. అంతే, వీధివైపు మట్టిగోడ పడగొట్టేశారు. సరంగు వచ్చి చూశాడు. ఎక్కి చుక్కాని పట్టుకుని నిలబడి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎన్నాళ్ళు పట్టింది అబ్బాయ్? వేళకి అన్నం తిన్నారా?"

ఇరవై రోజులన్నారు. అన్నం సంగతి ఎవరికీ గుర్తులేదు. సరంగు మొలలోంచి మూట తీసి, దాచుకున్న ఐదువేలూ ధర్మలింగం చేతిలో పెట్టాడు. బేరమాడానే గానీ మీ కష్టం అడగలేదు, తప్పు నాదేనన్నాడు.

ముగ్గురూ హడలిపోయారు. ఉచితం లాంచీకి ఐదువేలు పుచ్చుకుంటే మహాపాపం. ఐదువేలంటే జానెడు లాంచీయే. ఇంకేముంది, రంపాలు తీశారు. సరంగు వద్దు వద్దంటున్నా కోశారు, కోసింది చెక్కారు, మధ్యాహ్నానికి జానెడు లాంచీ మిగిల్చారు. చుక్కానీ పొగగొట్టంతో సహా ఎంత ముచ్చటగా ఉందో. సరంగు దాన్ని గుండెలకి హత్తుకున్నాడు.

ఇప్పుడైతే గుమ్మంలో పడుతుంది అని సంబరపడ్డాడు సోమలింగం. కానీ గోడే లేదు, గుమ్మం ఎక్కడిది? దేవుడి వస్తువుని కూలిన గోడ మీంచి పంపడం అపచారమంది పేరంటాలు. అంతే, సరంగుని లాంచీతో లోపలే కూర్చోబెట్టి, ముగ్గురూ బయట నిలబడి, సాయంత్రానికి గోడ కట్టేశారు. గుమ్మం పెట్టడం మరిచిపోయారు. కిటికీలు ముందే లేవాయె.

లోపల సరంగు ఏం చేస్తాడు? కప్పు లేని ఇంట్లోకి పౌర్ణమి వెన్నెల దిగింది. సంచిలోంచి ప్రమిద తీసి, లాంచీ ముందు దీపం వెలిగించి దండం పెట్టుకున్నాడు. అప్పుడు బయటినుంచి ధర్మలింగం గోడ తట్టాడు.

"సరంగు బాబాయ్, కాస్త తలుపు తియ్యి. మేం కూడా దండం పెట్టుకుంటాం."

నవ్వింది చాలు గానీ తల్లీ, సరంగు అడిగిన ఆ ఒక్క మాట మరిచిపోకండి. ఎవరి చేతిపనికైనా బేరమాడే ముందు "ఎన్నాళ్ళు పట్టింది, అన్నం తిన్నావా" అని అడగండి. ఆయన ఆలస్యంగా అడిగాడు. మీరు ముందే అడగండి.