తొట్టి కొలత

జోషిత గొంతు కథ మధ్యలో పోయింది. సీతాకల్యాణం చెబుతోంది, విల్లు ఇంకా విరగలేదు. బొబ్బిలి దగ్గర ఒక ఊళ్లో అమ్మవారి జాతర. కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు గురగురమని ఆగిపోయింది. మైకు మూగబోయింది. పదహారేళ్ల పిల్ల, చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు, ఎదురుగా కోసిన పొలం నిండా జనం. మూడో వరస దాటి మాట వెళ్లలేదు.

"పిల్ల కథ చెప్తున్నాదా, చెవిలో రహస్యం చెప్తున్నాదా?" అని వెనకనుంచి ఒకామె అరిచింది. జనం గొల్లున నవ్వారు. పక్కన నిలబడ్డ హైమవతి, ఆ పిల్లకి హరికథ నేర్పిన మనిషి, కానివ్వు, ఇంకా గట్టిగా కానివ్వు అని చేత్తో సైగ చేసింది. పిల్ల గట్టిగానే కానిచ్చింది. మెడ నరాలు ఉబ్బేలా చాలాసేపు లాగి, ఒక పద్యం ఎత్తుకోబోయి, నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, కొన్ని నెలలపాటు పెదవి విప్పవద్దన్నాడు. ఆ తర్వాత పాడగలదా అని తల్లి అడిగితే, ఆ తర్వాత చూద్దాం అన్నాడు. అలా అనేటప్పుడు ఆయన ఆ తల్లి ముఖంలోకి చూడలేదు. హైమవతి అది గమనించింది.

మర్నాడే ఆమె విశాఖ నుంచి బస్సెక్కి విజయనగరం వెళ్లి, తన గురువు మాణిక్యాంబ గారి ముందు కూర్చుంది. మాణిక్యాంబ గారు మైకులు లేని ఊళ్లలో కథలు చెప్పి ముసలైన మనిషి. ఎవరేం అడిగినా నేరుగా జవాబు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. ఏదో ఒక పని చెప్పేవారు. రాగం గురించి అడిగిన వాళ్లచేత బియ్యం ఏరించారు, తాళం గురించి అడిగిన వాళ్లని గేదెకి కుడితి పెట్టమన్నారు. శిష్యులు చాటుగా నవ్వుకుంటూనే ఆ పనులు చేసేవారు.

"అమ్మా, ఎనిమిదో ఏట నా దగ్గరికొచ్చింది. శ్రుతి తప్పదు, తాళం తప్పదు, పద్యంలో పొల్లు పోదు. అన్నీ నేర్పాను. గొంతు ఎందుకు చాల్లేదు? నేనేం తక్కువ చేశాను?"

మాణిక్యాంబ గారు కిటికీ దగ్గర బల్ల మీదున్న గుండ్రటి గాజు గిన్నె వైపు చూశారు. కింది వాటాలో అద్దెకున్నవాళ్లు బదిలీ అయి వెళ్తూ ఆవిడకి అంటగట్టిన గోల్డ్‌ఫిష్‌లు రెండు. ఒకటి గిన్నె లోపలే గుండ్రంగా తిరుగుతోంది. రెండోది నీటిమీద పక్కకి ఒరిగి తేలుతోంది.

"పొద్దున్న చచ్చిపోయింది. దాన్ని తీసి మందారం మొదట్లో పాతిపెట్టు. తర్వాత నాతో బజారుకి రా. ఉన్నదానికైనా ఒక తొట్టి కొందాం. ఎంతది కొనాలో నువ్వే చెబుదువుగాని. చదువుకున్నదానివి."

హైమవతికి ఒళ్లు మండింది. ఒక పిల్ల బతుకు ఇలా అయితే చేపల తొట్టి బేరమేమిటి? అయినా చచ్చిన చేపని అరచేతిలోకి తీసుకుంది. వేలెడు కూడా లేదు. కడుపు మాత్రం బిర్రుగా ఉంది.

గంటస్తంభం దగ్గర చేపల దుకాణం పైడిరాజుది. మాటకారి. వీళ్లని చూడగానే అలమార మీంచి ఇంకో గుండ్రటి గిన్నె దించాడు.

"ఒక్క చేపకి ఇది రాజభవనం అమ్మగారూ."

"ఇంకొంచెం పెద్దది చూపించండి," అంది హైమవతి. "ఒక అడుగు ఉంటే చాలు. చేప ఇంతే ఉంది."

"మేడంగారు సరిగ్గా చెప్పారు. తొట్టి ఎంతుంటే చేప అంతే ఎదుగుతాదండి. దాన్ని బట్టి అదే సర్దుకుపోద్ది. అదే దాని మంచి గుణం."

మాణిక్యాంబ గారు అక్కడున్న స్టూలు మీద కూర్చున్నారు. "సర్దుకున్నాక ఎన్నాళ్లు బతుకుతుంది నాయనా?"

పైడిరాజు నవ్వాడు. "ఓ ఆర్నెల్లండి. మీలాగ బాగా చూసుకుంటే ఏడాది. తినేదీ అందులోనే, కడుపులోంచి పోయేదీ అందులోనే కదండి, చెంబెడు నీళ్లు పాడవకుండా ఎన్నాళ్లుంటాయి? పోతే ఇంకోటి పట్టుకెళ్తారు. చేపే కదేటి."

"సర్దుకోకపోతే?"

"అంటే?"

"సర్దుకోవాల్సిన పనిలేని చోట పెరిగింది ఎక్కడైనా ఉందా? ఒకసారి చూపించు."

అతను కాస్త తటపటాయించి, ఇద్దర్నీ దుకాణం వెనక్కి తీసుకెళ్లాడు. రేకుల కింద గోడ పొడుగునా ఒక తొట్టి ఉంది. అందులో జానెడు దాటిన చేప, అరచేతి వెడల్పు వీపు, తోక వోణీలా వెనక ఈడ్చుకుంటూ తాపీగా ఇటునుంచి అటు వెళ్లింది. హైమవతి ఇదేం చేప అని అడిగింది.

"మీదేనండి. అదే జాతి. ఏడేళ్లయింది. ఇది నా సొంతం, అమ్మకానికి కాదు."

"మరి మాకు గిన్నె ఎందుకు చూపించావయ్యా?" అన్నారు మాణిక్యాంబ గారు.

"గిన్నయితే టీపాయి మీద పడతాదండి. వచ్చేవాళ్లు టీపాయి కొలుచుకుని వస్తారు గానీ చేపని కొలుచుకుని రారు కదా. నేనెందుకు కాదనాల?"

మాణిక్యాంబ గారు హైమవతి వైపు తిరిగారు. "ఎంతది కొందాం?"

హైమవతి ఇంకా ఆ పెద్ద చేపనే చూస్తోంది. మాణిక్యాంబ గారే నాలుగడుగుల తొట్టి చెప్పారు. అది పట్టాలంటే ముందు గదిలోంచి ఆవిడ పడుకునే మంచం వసారాలోకి పోవాలి. పోయింది. తొట్టిలో నీళ్లు పోసి, గాలి గొట్టం పెట్టి, కొన్నాళ్లు ఆగి చేపని వదలమని పైడిరాజు మరీ మరీ చెప్పాడు.

రెండు వారాలు పోయాక హైమవతి మళ్లీ వెళ్లేసరికి చేప తొట్టిలో ఉంది. నాలుగడుగుల నీరు తేటగా, ఖాళీగా ఉంది. చేప ఎడమవైపు మూలలో గుండ్రంగా తిరుగుతోంది. గిన్నె ఎంతో ఆ చుట్టూ అంతే. ఒక్క అంగుళం దాటడం లేదు. అక్కడ గాజు లేదు, అడ్డం లేదు. చేప మాత్రం గాజు ఉన్నట్టే మలుపు తిరిగి మళ్లీ వెనక్కి వస్తోంది.

"ఎన్నాళ్లనుంచి ఇలా?"

"వదిలిన దగ్గర్నుంచీ," అన్నారు మాణిక్యాంబ గారు. కాఫీ కలపడానికి లోపలికి వెళ్లారు.

హైమవతి ఆ చేపని చూస్తూ నిలబడింది. విశాఖలో మూడో అంతస్తులో తన ఫ్లాటు, అందులో వెనక గది గుర్తొచ్చాయి. పాఠం మొదలుపెట్టిన మొదటి నెలలోనే కింది ఫ్లాటాయన పైకొచ్చి, "మేడం, మాకు బీపీలున్నాయి," అని చేతులు జోడించాడు. ఆనాటినుంచి కిటికీలు మూసి, తలుపు కింద తువ్వాలు తడిపి దోపి పాఠం చెప్పింది. గజ్జెలు కట్టనివ్వలేదు, చిడతల బదులు తొడమీద తాళం. "లోపలికి పాడమ్మా, లోపలికి," అని రోజూ చెప్పింది. ఆ పిల్ల ఎంత బుద్ధిమంతురాలంటే చెప్పినదానికన్నా ఎక్కువ లోపలికి పాడింది. మైకు ముందు ఆ గొంతు తేనెలా ఉండేది. వెన్నలాంటి గొంతని అందరూ మెచ్చుకుంటుంటే హైమవతి పొంగిపోయింది. ఆ గొంతు పెరిగితే ఎంతవుతుందో ఒక్కనాడూ కొలవలేదు. గదిని కొలుచుకుంది.

మాణిక్యాంబ గారు కాఫీ గ్లాసు అందించారు. హైమవతి తాగింది, దణ్ణం పెట్టింది, బస్సెక్కింది. ఆ రోజు ఇద్దరూ జోషిత పేరు ఎత్తలేదు.

ఆ నెల నుంచి ఆమె ఫ్లాటులో పాఠం మానేసింది. ఊరి చివర ఒక కల్యాణ మండపం ఉంది. దాని వెనక భోజనాల షెడ్డుకి గోడలుండవు, రేకుల కప్పు, ఆ కొసన నిలబడ్డ మనిషి ఈ కొసకి చిన్నగా కనిపిస్తాడు. పెళ్లిళ్లు లేని ఉదయాలు వాడుకోమని యజమాని ఒప్పుకున్నాడు. పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. "అంత దూరం ఎవరు దింపుతారండీ? ఓ మంచి మైకు కొనుక్కుంటే పోయేదానికి!" అన్నారు. ఒకరి వెనక ఒకరు మానేశారు. కొందరు తిరిగొచ్చి, వారానికి ఒక్కరోజైనా ఫ్లాటులో చెప్పమని బతిమాలారు. హైమవతి చెప్పలేదు. వాన రేకులమీద పడి ఏమీ వినబడని రోజుల్లో కూడా ఫ్లాటుకి మారలేదు. నలుగురు మిగిలారు, ఆ నలుగురికీ ఆ షెడ్డులోనే చెప్పింది.

జోషిత కూడా వచ్చేది. డాక్టరు పెట్టిన గడువు అయిపోయింది. మాట వచ్చింది గానీ గరగరమని, తెగిపోతున్న దారంలా వచ్చింది. పాట రాలేదు. ఒక కుర్చీలో కూర్చుని మిగతావాళ్లని వినేది. ఒక్కోసారి పెదవులు కదిలేవి.

ఒకరోజు మాణిక్యాంబ గారు చెప్పకుండా వచ్చి, పాఠం అయ్యేదాకా వెనక కూర్చున్నారు. పిల్లలు నీళ్లకి వెళ్లాక హైమవతి ఆవిడ దగ్గరికొచ్చి వంగి, జోషితకి వినబడకుండా మెల్లిగా అడిగింది.

"దాని గొంతు తిరిగొస్తుందా అమ్మా?"

మాణిక్యాంబ గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, షెడ్డు ఆ కొస వైపు చూశారు.

"అక్కడ నిలబడి అడుగు హైమా. ముందు నీది రానీ."