నీడలమ్మ వాకిలి ఎందుకు ఊడ్వరు

గుమ్మిగెడ్డ కొండవాలున, దట్టమైన చెట్ల మధ్య వెలసిన నీడలమ్మ గుడి వాకిలి ఏడాది పొడవునా ఎండుటాకులతో నిండి ఉంటుంది. ఇది నిర్వాహకుల అశ్రద్ధ కాదు. భక్తులు దయచేసి ఊడ్చే సేవకు పూనుకోవద్దు.

పూర్వం ఇక్కడ అప్పలనర్సమ్మ అనే పూజారిణి ఉండేది. ఒక మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుండగా అమ్మవారు కలలో కనిపించి, తన వాకిట కొండకలువ పూయాలని, వచ్చే వేసవి దాటేలోగా పూయకుంటే కొండ విడిచి వెళ్ళిపోతానని చెప్పింది. అమ్మవారు వెళితే ఆమె పాదాల కింది ఊట కూడా వెళుతుంది. ఊరికి వేరే నీళ్ళు లేవు.

నర్సమ్మ అడవికి పోయి, కొండకలువదే అనుకుని ఒక దుంప తవ్వి తెచ్చి నాటింది. మళ్ళీ కల వచ్చింది. "అది అడవి పసుపు. ఆకు తిప్పి చూశావా? కొండకలువ ఆకు వెనక ఊదారంగు ఉంటుంది" అంది అమ్మవారు. ఈసారి సరైన దుంపే తెచ్చి, ఎండ బాగా తగిలే చోట నాటింది. ఆకులు మాడిపోయాయి. "చెట్ల కింద బతికేదాన్ని తెచ్చి పెనం మీద వేశావు" అంది అమ్మవారు.

ఆ సంగతేదో ముందే సాంతం చెప్పవచ్చు కదా అని నర్సమ్మ గొణుక్కుంది. దుంపను చెట్ల నీడకు మార్చింది. వానల్లో ఆకు ఏపుగా వచ్చింది. చలికాలంలో వాడి నేలలో కలిసిపోయింది.

"అమ్మోరు పువ్వెట్టమంటే మట్టెట్టినావేటే" అని భర్త గుంపస్వామి నవ్వాడు.

"నీ నోరు ఊరుకుంటే అదే పూస్తాది."

ఆమె ఆ చోటును రోజూ మరింత భక్తిగా ఊడ్చి, పేడతో అలికింది. అమ్మవారు విసిగిపోయి మళ్ళీ వచ్చింది. "దుంప చావలేదు, నిద్రపోతోంది. దాని మీది ఆకుల దుప్పటి నువ్వు రోజూ లాగేస్తున్నావు. మొగ్గ తలెత్తితే నీ చీపురుకే విరుగుతుంది."

"ఊడవకపోతే ఊరు నన్నేటంటాది తల్లీ?"

"ఊరితో మాట పడతావో, ఊట లేకుండా ఉంటావో తేల్చుకో."

నర్సమ్మ చీపురును చూరులో దోపేసింది. ఆకులు పేరుకున్నాయి. పూజారమ్మకు ఒళ్ళు బరువెక్కిందని ఆడవాళ్ళు ఆమె వినేలాగే అన్నారు. వేరే పూజారిని పెడతామని పెద్దలు బెదిరించారు. ఊట సన్నబడి దారంలా మారింది. అయినా ఆమె చీపురు ముట్టలేదు.

వేసవి ముదిరిన ఒక ఉదయం, మొక్కకు ఒక్క ఆకైనా లేకుండా, ఎండుటాకులను తోసుకుని నేలలోంచే పువ్వు లేచింది. తెల్లని రేకులు, నడుమ ఊదా రేకు. గుంపస్వామి వంగి చూసి, "ఆకేదే దీనికి?" అన్నాడు.

"నన్నడక్కు. ఆవిణ్ణే అడుగు. నేను అలిసిపోనాను" అని నర్సమ్మ ఆకుల మీదే కూలబడింది.

ఇప్పటికీ భక్తులు పూలదండలకు బదులు గుప్పెడు ఎండుటాకులు తెచ్చి వాకిట చల్లుతారు. కొండకలువను కోయరు, వంగి చూసి దండం పెడతారు. అలా చేసినవారికి ఆలస్యమైన పనులు వాటి వేళకు నెరవేరుతాయని నమ్మకం. పూసిందని దుంప తవ్వుకుపోయేవారికి ఏ ఫలమూ చెప్పబడలేదు. ఊట మాత్రం ఆ తర్వాత ఏ వేసవిలోనూ ఎండలేదు.