మాణిక్యాంబ రెప్పలెత్తిన వైనం

పెద్దాపురంలో గానుగల వీధి చివర ఒక పెంకుటిల్లుంది. దాని గుమ్మం మీద 'బుద్ధిమంతుల ఇల్లు' అని సుద్దతో రాసి ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు రాసింది కాదు, ఇంటివాళ్ళే రాసుకున్నారు. వానకి ఆ రాత చెరిగిపోయినప్పుడల్లా ఇంటాయన దండపాణి, "ఒరే గుర్నాథం! బుద్ధి కొట్టుకుపోయిందిరా, సుద్ద పట్రా!" అని తమ్ముణ్ణి కేకేసేవాడు.

"ఈ వీధి మొత్తానికి ఎంత తెలివుందో, అంతా మా ముగ్గురి దగ్గరే ఉంది" అని దండపాణి భార్య మాణిక్యాంబ కుళాయి దగ్గర చెప్పుకునేది. బిందె నిండాలి కాబట్టి ఎవరూ కాదనేవారు కారు.

అలాంటి మాణిక్యాంబకి యాభై ఏడో ఏట పెద్ద కష్టం వచ్చిపడింది. రెప్పల మీది చర్మం వదులై కళ్ళ మీదికి జారిపోయింది. తను చూస్తూనే ఉన్నా, ఎదుటివాళ్ళకి నిద్రపోతున్నట్టే కనిపించేది. ఇంకేముంది, "మాణిక్యం పడుకుంది, లేపకూడదు" అని దండపాణి మునివేళ్ళ మీద నడవడం మొదలుపెట్టాడు.

"నేను పడుకోలేదండీ, బీరకాయలు తరుగుతున్నాను" అనేదావిడ.

"పాపం, కలవరిస్తోందిరా" అనేవాడాయన తమ్ముడి చెవిలో. "నిద్రలో కూడా ఎంత సన్నగా తరుగుతోందో చూడు!"

అలా ఆరు నెలలు గడిచాయి. ముప్ఫై ఆరేళ్ళుగా రోజూ ఏదో ఒకదానికి పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళాలు. ఇప్పుడు ఆయన ఆవిణ్ణి ఒక్క మాటా అనడు, ఒక్క మాటా పడడు. మాణిక్యాంబకి పిచ్చెక్కినట్టయింది. ఒకరోజు ఉండబట్టలేక వెక్కి వెక్కి ఏడిచింది. "పీడకల వచ్చినట్టుంది" అని దండపాణి విసనకర్రతో విసిరాడు.

ఆ ఏడుపు విని పక్కింటి వరూధిని టీచరు వచ్చింది. "రెప్పలకి ఆపరేషన్ చేయించండి బాబాయిగారూ. కాకినాడలో చేస్తున్నారు. రెప్పలే కాదు, ఫేస్ లిఫ్టు కూడా ఇప్పుడు చాలా సహజంగా ఉండేట్టు చేస్తున్నారు" అని దండపాణికి విడమరిచి చెప్పింది.

"నిద్ర లేపడానికి ఆపరేషనా? సరే, పడుకుని చాలా రోజులైంది. లేపేద్దాం" అన్నాడు దండపాణి.

అంతే, ముగ్గురూ కాకినాడ బస్సెక్కారు.

ఆసుపత్రిలో అడుగుపెట్టగానే గుర్నాథానికి 'లిఫ్టు' అన్న అక్షరాలు కనిపించాయి. "వదినా, టీచరమ్మ చెప్పింది ఇదే! ముఖం ఒక్కటే లోపల పెట్టు. ఒళ్ళు కూడా పెట్టావంటే అది మామూలు లిఫ్టైపోతుంది."

మాణిక్యాంబ వంగి ముఖం లోపల పెట్టింది. తలుపులు రెండు వైపుల నుంచీ వచ్చి చెంపలకి తగిలి వెనక్కి పోయాయి. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ పోయాయి. లోపల స్టూలు మీద కూర్చున్న లిఫ్టతను హడలిపోయాడు.

"ఏంటమ్మా ఇది?"

"మా ఆవిడ ముఖం ఎత్తించడానికి వచ్చాం. నువ్వు ఎంత దాకా ఎత్తుతావు?" అని దండపాణి అడిగాడు.

"ఐదో అంతస్తు దాకా."

"బాబోయ్, అంత వద్దు! రెండో అంతస్తు చాలు. సహజంగా ఉండాలి."

లిఫ్టతను దణ్ణం పెట్టి, ముగ్గుర్నీ నిండు ఒళ్ళతో లోపలికి లాగి రెండో అంతస్తులో దింపేశాడు. అదృష్టం కొద్దీ డాక్టర్ హైమవతి కూర్చునేది అక్కడే.

ఆవిడ మాణిక్యాంబ రెప్పలు వేలితో ఎత్తి చూసి నవ్వింది. "ముఖమంతా లాగి బిగించక్కర్లేదమ్మా. రెప్పల మీద ఎక్కువైన చర్మం కాస్త తీసి కుట్టేస్తే చాలు. పదేళ్ళు చిన్నగా కనిపిస్తారు. చేశాక ఎవరూ గుర్తుపట్టకూడదు, అదే మా పనితనం."

"ఎవరూ గుర్తుపట్టకూడదు" అని గుర్నాథం చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు.

ఆపరేషన్ అయింది. పంపేటప్పుడు డాక్టరమ్మ దండపాణితో, "కుట్లు విప్పేదాకా ఈ వారం రోజులూ కంటికి రెప్పలా చూసుకోండి" అంది.

ఇంటికొచ్చాక అన్నదమ్ములు ఆలోచనలో పడ్డారు.

"రెప్ప ఏం చేస్తుందిరా?"

"పడుతుంది, లేస్తుంది అన్నయ్యా."

ఇంకేముంది! మంచానికి చెరోవైపు నిలబడి, దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని మాణిక్యాంబ మీద కప్పడం, తీయడం మొదలుపెట్టారు. గుర్నాథం అద్దంలో తన రెప్పలు లెక్కపెట్టుకుని వచ్చాడు. నిమిషానికి పదిహేనుసార్లు. అన్నం ముద్ద నోటి దాకా వెళ్ళేలోపు దుప్పటి పడి, ముద్ద ముక్కుకి అంటుకునేది. పక్కింటి పిల్లి ఒకటి దుప్పటి లేచినప్పుడు లోపలికి దూరి, మళ్ళీ లేచేదాకా బయటికి రాలేక కంగారుపడింది.

"ఆపండ్రా నాయనా!" అందామనుకుంది మాణిక్యాంబ. కానీ దుప్పటి లేచినప్పుడల్లా ఎదురుగా మొగుడి ముఖం. ఆరు నెలలుగా తనవైపు సరిగా చూడని మనిషి, నిమిషానికి పదిహేనుసార్లు చూస్తున్నాడు! ఆవిడ నోరు మూసుకుని పడుకుంది.

వారం తిరిగింది. అన్నదమ్ములు భుజాలు పట్టేసి ఆ పొద్దున మంచం దిగలేకపోయారు. అందుకని కుట్లు విప్పించడానికి టీచరే మాణిక్యాంబని తీసుకెళ్ళి, తీసుకొచ్చి, వీధి మొదట్లో దింపి బడికి వెళ్ళిపోయింది. మాణిక్యాంబ కళ్ళు చక్కగా విచ్చుకుని, చూడముచ్చటగా ఉన్నాయి. పరుగులాంటి నడకతో వచ్చి తలుపు తట్టింది. దండపాణి తీశాడు. వెనకే వచ్చిన తమ్ముడి చేతి మీద, రోజూ దిద్దుకుంటున్న 'ఎవరూ గుర్తుపట్టకూడదు' రాత చూశాడు.

"ఎవరమ్మా మీరు?"

"నేనండీ, మాణిక్యాన్ని!"

"మాణిక్యం మా ఆవిడ. కాకినాడ వెళ్ళింది. కూర్చోండి, వచ్చేస్తుంది."

"ఈవిడ వదిన కాదు" అని గుర్నాథం తేల్చేశాడు. "వదిన కంటే పదేళ్ళు చిన్నగా ఉంది."

మాణిక్యాంబ అరుగు మీద కూర్చుంది. మెల్లగా ఆవిడకీ అనుమానం వచ్చింది. డాక్టరమ్మ 'ఎవరూ' అంది. ఎవరూ అంటే తను కూడా లెక్కేగా! తెలివైనవాళ్ళు డాక్టరు మాట కాదనకూడదు. అంతే, తనూ వీధిలోకి తొంగి చూస్తూ మాణిక్యాంబ కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం దాటింది. మాణిక్యాంబ రాలేదు. ముగ్గురూ పోలీస్ స్టేషనుకి పరిగెత్తారు.

"ఆవిణ్ణి ఆఖరిసారి ఎవరు చూశారు?" అన్నాడు ఎస్సై.

"నేనేనండీ" అంది మాణిక్యాంబ. "పొద్దున తల దువ్వుకుంటుంటే అద్దంలో కనిపించింది. అప్పుడు బాగానే ఉంది."

ఎస్సై కలం కింద పెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, "మీకు మీరే వెతుక్కోవాలమ్మా" అని పంపేశాడు.

ఆటో మాట్లాడి, దాని మీద మైకు కట్టించారు. "మాణిక్యం! నువ్వు లేకపోతే నాకెవరే?" అని దండపాణి మైకులో మొదలుపెట్టాడు. సగంలోనే బావురుమన్నాడు. మాణిక్యాంబకి కళ్ళు చెమర్చాయి. ఎంత అదృష్టవంతురాలో ఆ మహాతల్లి! మైకు తను అందుకుని, "మాణిక్యాంబగారూ, మీ ఆయన ఏడుస్తున్నాడు, ఎక్కడున్నా వచ్చెయ్యండి!" అని ఊరంతా అరిచింది.

సంత మలుపులో మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతున్న పైడమ్మ ఆటో వంక చూసి లేచి నిలబడింది. "మాణిక్యాంబమ్మగారా? ఇదిగో, ఇప్పుడే ఆటోలో పోతన్నారు కదండీ!"

"దొరికేసింది!" అని దండపాణి ఎగిరి గంతేశాడు.

"ఏడవకండి, ఇక దొరికినట్టే" అని మాణిక్యాంబ కొంగుతో ఆయన కళ్ళు తుడిచి, డ్రైవరు వీపు మీద ఒక్కటి చరిచింది. "ఇంకా చూస్తావేంటయ్యా, తొందరగా పోనీ! ఆవిడ ఆటో దాటిపోతోంది!"