ఎమ్మిగనూరులో తెరుచుకోని ఉత్తరం

తుమ్మలగుట్ట దర్గాకు ఇమాంవలి వచ్చి నాలుగేళ్లయింది. అంతకుముందు కర్నూలులో కంప్యూటర్ల పని చేసేవాడు. గురువు నబీరసూల్ తాత అతనికి అప్పగించిన పని ఒక్కటే, పెద్దగురువు ఉత్తరాలను భద్రం చేయడం.

పెద్దగురువు కాలం చేసి ముప్పై ఏళ్లయింది. ఆయన పుస్తకాలేవీ రాయలేదు. రైతులకూ, నేతగాళ్లకూ, బండి తోలేవాళ్లకూ దొరికిన కాగితం మీద ఉత్తరాలు రాసేవాడు. ఆయన పోయాక, అన్నీ ఒకచోట ఉంటే మంచిదని ఎవరికి వాళ్లు తెచ్చి దర్గాలో ఇచ్చారు. మొత్తం మూడువందల పన్నెండు. ఇమాంవలి ఒక్కొక్కదాన్నీ స్కాన్ చేసి దర్గా వెబ్‌సైటులో పెట్టాడు.

కొందరికి ఆ ఫైళ్లు తెరుచుకోలేదు. అప్పుడతను కూర్చుని, ఫైలు తెరుచుకోకపోతే ఏం చేయాలో పదకొండు అంశాలుగా రాసి సైటులో పెట్టాడు. బ్రౌజరు మూసి మళ్లీ తెరవండి, దాచుకున్న పాత పేజీలు చెరిపేయండి, వేరే బ్రౌజరులో చూడండి... ఇలా. చాలామంది మేలు చేశావని జవాబు రాశారు. ఆ పదకొండు అంశాలంటే అతనికి కన్నబిడ్డల మీద ఉన్నంత ప్రేమ.

ఒక ఉదయం అతను విసుగ్గా వసారాలోకి వచ్చాడు. తాత చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాడు.

"ఏమప్పా, మొహం అట్లుంది?"

"ఎమ్మిగనూరులో ఒకామె ఉంది తాతా. ఒక ఉత్తరం తెరుచుకోలేదని ఇప్పటికి నాలుగుసార్లు రాసింది. నేను చెప్పిన పదకొండూ చేసినానంటాది. చేసుంటే తెరుచుకోవాల గదా! నా దగ్గర చక్కగా తెరుచుకుంటాంది. ఇప్పుడే మళ్లా చూసినా."

"నువ్వేమని రాసినావు?"

"ఇక్కడ బాగానే ఉంది, మీ కంప్యూటరు ఎవరికన్నా చూపించుకోండి అని."

"ఎవరి ఉత్తరం అది?"

"వాళ్ల నాయనకు పెద్దగురువు రాసిందంట. నాగలింగప్ప అని, మగ్గం నేసేవాడంట. ఇప్పుడు చూపు పోయింది, మంచం దిగడంట. ఆ ఉత్తరం చదివి వినిపించమని రోజూ అడుగుతాడంట."

"ఇంకేం రాసింది?"

ఇమాంవలి కాస్త తడబడ్డాడు. "పొడుగ్గా రాసింది తాతా. అంతా చదవలేదు."

తాత చేట పక్కన పెట్టి లోపలికి పోయాడు. చాలాసేపటికి ఉతికిన చొక్కా తొడుక్కుని, భుజాన కండువాతో బయటికి వచ్చాడు.

"పా, పోదాం."

"ఎక్కడికి?"

"ఎమ్మిగనూరికి."

"అంత దూరమా? ఆదోనిలో బస్సు మారాల. నీ మోకాళ్లు చూసుకో తాతా. ఆయమ్మకు నేను ఫోన్లో చెప్తాలే."

"మోకాళ్లు నావి. నొప్పీ నాదే. నువ్వు చెప్పులేసుకో."

ఆదోని బస్టాండులో ఉగ్గాని తిన్నారు. తాత తన బజ్జీలు రెండూ తీసి ఇమాంవలి ఆకులో వేశాడు. వద్దంటే వినలేదు. దారి పొడుగునా కంప్యూటరు మాట ఎత్తలేదు. బయట పత్తిచేలు చూస్తూ, కిటికీకి తల ఆనించి కునుకు తీశాడు.

నాగలింగప్ప ఇంట్లో మగ్గం గుంత మీద చెక్కలు పరిచి ఉన్నాయి. నేత ఆగిపోయి ఏళ్లయినట్టుంది. కూతురు ఉరుకుందమ్మకు నలభై ఏళ్లుంటాయి. నేతపనివాళ్ల సంఘం ఆఫీసులో అటెండరు. మధ్యాహ్నం నాయనకు ముద్ద కలిపి పెట్టడానికి ఇంటికి వచ్చి, గడపలో ఇద్దరినీ చూసి, కలిపిన చెయ్యి అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది.

"తుమ్మలగుట్ట నుంచి మీరే వచ్చినారా స్వామీ!"

మంచంలోని ముసలాయన అడుగుల చప్పుడు వైపు ముఖం తిప్పాడు. "ఎవరమ్మా?"

"నేను లింగప్పా, నబీని." తాత మంచం పట్టె మీద కూర్చుని ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. వాళ్లిద్దరూ ఒకప్పుడు పెద్దగురువు దగ్గర ఒకే చాప మీద పడుకున్నవాళ్లని ఇమాంవలికి అప్పుడే తెలిసింది.

"నువ్వు పోయి ఆయమ్మ కంప్యూటరు చూసి రా నాయనా," అన్నాడు తాత. "నేను వీనికి అన్నం పెడతా."

ఉరుకుందమ్మ సైటు చూసేది సంఘం ఆఫీసు కంప్యూటరులోనే, అతన్ని అక్కడికి తీసుకుపోయింది. భోజనాల వేళ. ఎవరూ లేరు. కంప్యూటరు పాతది. కుర్చీకి ఒక చెయ్యి విరిగితే నూలుతాడుతో కట్టారు. ఇమాంవలి ధీమాగా కూర్చున్నాడు. అయిదు నిమిషాల పని అనుకున్నాడు.

ఉరుకుందమ్మ సొరుగులోంచి ఒక కాగితం తీసింది. పాత క్యాలెండరు వెనకవైపు పెన్సిలుతో రాసుకున్న పదకొండు అంశాలు. ప్రతిదాని పక్కనా నాలుగేసి టిక్కులు. ఒకటి రెండు మాటల కింద, ఎవరినో అడిగి రాసుకున్నట్టు, వాటి అర్థాలు.

"నేను చదువుతా, మీరు చెయ్యండన్నా," అంది.

ఆమె చదివింది, అతను చేశాడు. ఒకటి. తెల్ల పేజీ. రెండు. తెల్ల పేజీ. మూడు, నాలుగు. వేరే బ్రౌజరు తెరిచాడు. అదే తెల్ల పేజీ. ఫ్యాను తిరుగుతూనే ఉంది, అతని మెడ వెనక చెమట పట్టింది.

"ఏడు," చదివింది ఆమె. "ఓర్పుగా మరొకసారి ప్రయత్నించండి."

ఆ మాట ఆమె వెక్కిరింపుగా అనలేదు. అతను రాసిందే అతనికి చదివింది. ఇమాంవలి చెవులు వేడెక్కాయి.

పదకొండూ అయ్యాయి. పేజీ తెల్లగానే ఉంది.

"మిగతా ఉత్తరాలు తెరుచుకుంటాయన్నా," అంది ఉరుకుందమ్మ మెల్లగా. "ఇదీ, దీని కిందివి కొన్నీ తెరుచుకోవు. మొదటిసారే రాసినా గదా."

మొదటిసారే రాసింది. అతను అంతదూరం చదవలేదు.

ఇమాంవలి ఆ ఉత్తరం పేరు మీదికి బాణం గుర్తు తెచ్చి, నొక్కకుండా ఆపాడు. తెర అడుగున చిన్న అక్షరాల్లో అది ఎక్కడికి దారి తీస్తుందో కనబడింది. దర్గా వెబ్‌సైటు పేరుతో మొదలవ్వాల్సిన చిరునామా అది. అక్కడ ఉన్నది దర్గాలో తన గదిలోని కంప్యూటరు, అందులో తన ఫోల్డరు, ఆ ఫోల్డరు మీద తన పేరు. ఉత్తరాలు ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఒకరోజు తొందరలో చేసిన పొరపాటు. అతను ఎప్పుడు సరిచూసుకున్నా తన కంప్యూటరులో ఉన్న సైటు నకలునే తెరిచేవాడు. అందులో అన్నీ తెరుచుకునేవి. బయటివాళ్లు చూసే సైటును ఒక్కసారీ తెరిచి చూడలేదు.

"ఏమన్నా? మా కంప్యూటరు పాతదని చెడిపోయిందా?"

అవునంటే ఆమె నమ్మేది. ఆ కంప్యూటరును చూసినవాళ్లెవరైనా నమ్మేవాళ్లు.

ఇమాంవలి కుర్చీలోంచి లేచాడు.

"లేదమ్మా. మీ కంప్యూటరు బాగానే ఉంది. మీరు చేసిందంతా సరిగ్గానే చేసినారు. తప్పు నాది. ఈ ఉత్తరం నా గదిలో ఉన్నట్టు అడ్రసు పెట్టినా. అది నా ఒక్కనికే తెరుచుకుంటాది. ఇంకెవరికీ తెరుచుకోదు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. కోప్పడలేదు.

"అయితే తప్పు నాది కాదు," అంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నాయన రోజూ అడుగుతాంటే, నా చదువు చాల్లేదేమో అనుకున్నానన్నా."

దర్గాకు చేరగానే సరిచేస్తానని చెప్పాడు. ఇల్లు చేరేదాకా అతన్ని ఒకటే బాధ. ముసలాయనకు ఈ పూట ఏం చెప్పాలి? రేపటిదాకా ఆగమని ఎట్లా అనాలి?

గడప దగ్గర తాత గొంతు వినబడి ఇద్దరూ ఆగారు.

తాత చేతిలో నాలుగు మడతలు పడిన పసుపు కాగితం ఉంది. దర్గా పెట్టెలోని అసలు ఉత్తరం. కళ్లజోడు ముక్కు మీదికి జారిపోతుంటే, కాగితాన్ని దూరంగా పట్టుకుని చదువుతున్నాడు.

"లింగప్పా, నీ మగ్గం గుంతలోకి వాననీళ్లు వచ్చినాయని తెలిసింది. నీళ్లు ఇంకేదాకా అక్కడ ఉండొద్దు. పిల్లను ఎత్తుకుని ఇక్కడికి రా. మగ్గం విప్పి బండిలో వేసుకో. నీ ఒక్కనికే కాదు, నీ మగ్గానికి కూడా చోటు ఉంది. జొన్నలు ఉన్నాయి. మొహమాటపడతావని రెండోసారి రాస్తున్నా, రా."

ముసలాయన పెదవులు ఒక్కో మాటతో పాటు కదులుతున్నాయి. చివరి "రా" దగ్గర ఆగిపోయాయి.

"ఇంకోసారి చదువు నబీ."

"నా కండ్లు మసకేసినాయి. వీడు చదువుతాడు." తాత ఆ కాగితం ఇమాంవలికి అందించాడు.

ఇమాంవలి నేల మీద కూర్చుని చదివాడు. మళ్లీ అడిగితే మళ్లీ చదివాడు. బండిలో ఎత్తుకుపోయిన ఆ పిల్ల, ఇప్పుడు నలభై ఏళ్ల ఉరుకుందమ్మ, మగ్గం చెక్కల మీద కూర్చుని వింది.

బయలుదేరేటప్పుడు తాత ఆ కాగితాన్ని తిరిగి తీసుకోలేదు. మడిచి నాగలింగప్ప దిండు కింద పెట్టాడు.

ఇద్దరూ బస్సు ఆగేచోటికి నడిచారు.

"తాతా," అన్నాడు ఇమాంవలి. "ఉత్తరం నీ జేబులోనే ఉంది గదా. వచ్చిన వెంటనే చదివి వినిపిస్తే అయిపోయేది. నన్ను ఆ ఆఫీసుకు ఎందుకు పంపినావు?"

తాత ఆగి, మోకాలు రుద్దుకున్నాడు.

"లింగప్పకు ఆ కాగితం కావాల్సొచ్చింది నాయనా. నీకు ఆయమ్మ కుర్చీ కావాల్సొచ్చింది."

బస్సు వచ్చింది. ఇమాంవలి తాత మోచెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ నిదానంగా ఎక్కించాడు.