అర్థంకాని శాసనం

రాజ్యానికి కొత్త శాసనం రాస్తున్నారనీ, పడుచువాళ్లంతా ఏటా కోట పనికి వెట్టికి పోవాలని అందులో ఉందనీ విన్నప్పటినుంచి బుట్టలల్లే నూకాలుకి కంటిమీద కునుకు లేదు. తమ్ముణ్ణి పట్టుకుపోతారేమోనని బెంగ. చివరికి సభకే వెళ్లి, "మా మాట కూడా వినండి" అంది.

మంత్రి విరూపాక్షయ్య నవ్వాడు. "శాసనాలు మీలాంటి కూలీలకీ కుర్రకారుకీ ఏం అర్థమవుతాయి? పో."

భటులు దగ్గరికొస్తున్నా, ఆమె రాజువైపు తిరిగింది.

"ఆ ముక్కే శాసనంలో రాయించండి మహారాజా. అర్థంకానిదాన్ని మీరామని రేపు మమ్మల్ని శిక్షించరు కదా."

మంత్రి తన మాటకే తను చిక్కాడు. అర్థం కాదంటే శిక్ష చెల్లదు, అవుతుందంటే వాళ్లనీ అడగాలి.

రాజు భటుల్ని ఆపి, "ఈమెకీ, ఊళ్లోని కుర్రాళ్లకీ సభలో చోటు చూపించండి" అన్నాడు.

నూకాలు వెళ్లి కూర్చుంది. వెట్టి మాట ఇంకా కొట్టెయ్యలేదు. దాని గురించి ఏం చెప్పాలో మనసులో మాటలు కూర్చుకోసాగింది.